ఆ నొప్పి నటన కాదమ్మా

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లెటూరు. మా వారు తాపీ మేస్త్రి, వయసు 44. నాలుగేళ్ల కిందట పరంజా మీద నుంచి పడి నడుముకు దెబ్బ తగిలింది. ఆసుపత్రిలో పది రోజులకు నొప్పి మాత్రలు రాశారు. నొప్పి తగ్గాక కూడా, పనికి వెళ్లే ముందు ఒకటి వేసుకుంటే ఒళ్లు తేలిగ్గా ఉంటుందని పాత చీటీ చూపించి కొంటూ వచ్చారు. మొదట రోజుకు రెండు వేసుకునేవారు, ఇప్పుడు పన్నెండు. స్ట్రిప్పు మీద ట్రమడాల్ 37.5, పారాసిటమాల్ 325 అని ఉంది. రాత్రి నిద్ర కోసం ఆల్ప్రజొలామ్ వేసుకుంటారు. ఆదివారం తాగుతారు. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుంది. గత నెల తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. చేతిలో తాళాల గుత్తి పెట్టి, తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లాం. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు, ఫిట్స్ మాత్రలు రాశారు. ఈ నొప్పి మాత్రల సంగతి సిగ్గుతో ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఒకరోజు స్ట్రిప్పులన్నీ దాచేశాను. ఆ రాత్రి ముక్కు కారుతూ, విరేచనాలతో, కాళ్లు నేలకేసి కొట్టుకుంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చారు. చూడలేక ఇచ్చేశాను. అదంతా నటన అని మా అత్తగారు అంటారు. మామూలు రోజుల్లో వారానికి ఒకసారి కూడా సరిగా విరేచనం కాదు. ఇంకొక సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది, రెండేళ్లుగా ఆయన నన్ను పట్టించుకోవడం లేదు, వేరే ఎవరైనా ఉన్నారేమోనని అనుమానం. ఆయనకు నిజంగా నొప్పి ఉందా? ఒక్కసారిగా మాన్పించవచ్చా? బయటికి తెలిస్తే పోలీసు కేసు అవుతుందా? పంటినొప్పి అంటే మా పదకొండేళ్ల పాపకు కూడా ఒకసారి ఇందులో సగం ఇచ్చాను, ఫరవాలేదు కదా?
– పేరు రాయవద్దన్న ఒక సోదరి

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నలన్నిటికీ వరసగా కాకుండా, ఆలస్యం కాకూడని దానితో మొదలుపెడతాను. మీ వారికి ఫిట్స్ మాత్రలు రాసిన డాక్టరు గారిని రెండు మూడు రోజుల్లో మళ్లీ కలిసి ట్రమడాల్ సంగతి చెప్పండి. ఎన్ని, ఎప్పటి నుంచి, రాత్రి నిద్రమాత్ర ఏమిటి, ఆదివారం ఎంత తాగుతారు, అన్నీ. ఆ సంగతి దాచారు కాబట్టి ఆయన సగం రోగిని మాత్రమే చూసి మందు రాశారు.

నొప్పి మాత్రకూ ఫిట్స్‌కూ ఏం సంబంధం అని మీకు అనిపించవచ్చు. ట్రమడాల్ మామూలు నొప్పి మాత్ర కాదు. నల్లమందు నుంచి వచ్చే మార్ఫిన్ మెదడులో, వెన్నుపాములో ఏ తలుపు తడుతుందో, ఇదీ ఆ తలుపే తడుతుంది. ఇలాంటి మందులన్నిటినీ కలిపి ఓపియాయిడ్లు అంటారు. ట్రమడాల్‌ను 1960లలో జర్మనీలో, నల్లమందునిచ్చే గసగసాల మొక్కతో పని లేకుండా రసాయనాలతోనే తయారు చేశారు. బలహీనమైనదని, అలవాటు పడరని చాలాకాలం పేరు మోసింది. ఆ పేరు వల్ల జరిగిన నష్టం ఇంతా అంతా కాదు. ఇది నొప్పిని మొద్దుబార్చడంతో ఆగకుండా సెరటోనిన్, నారెపినెఫ్రిన్ అనే మెదడు రసాయనాలను కూడా పెంచుతుంది. మోతాదు మించితే ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది, ఒక్కోసారి మోతాదు లోపల ఉన్నా వస్తాయి. ఆరోగ్యవంతుడైన పెద్దవారికి రోజు మొత్తంలో 400 మిల్లీగ్రాములు దాటకూడదు. మీ వారి లెక్క చూడండి. పన్నెండు మాత్రలంటే 450. స్కానింగ్‌లో ఏమీ కనిపించకపోవడంలో వింత లేదు. ఫిట్స్‌కు కారణం చొక్కా జేబులో ఉండి ఉండవచ్చు, యంత్రం జేబులు వెతకదు.

నడుము నొప్పికో నిద్రకో ఎమిట్రిప్టిలిన్ వంటివి, మనసు కుంగుబాటుకు వాడే మరికొన్ని మాత్రలు కూడా వాడుతున్నారేమో చూసి డాక్టరుకు చెప్పండి. అవి ట్రమడాల్‌తో కలిస్తే ఫిట్స్ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఒక్కోసారి ఒళ్లు కాలిపోయే జ్వరం, వణుకు, కలవరింతలతో ప్రాణం మీదికి కూడా వస్తుంది.

ఇక మీ అత్తగారి మాట. పెద్దావిడ కొడుకును చూసి చూసి విసిగి అని ఉంటారు, ఆమెను తప్పు పట్టను. కానీ అది నటన కాదు. మీ వారి నొప్పి నిజం. అయితే అది ఎక్కడి నుంచి వస్తున్నదన్నదే మారిపోయింది. ఈ ఒక్క సంగతి మీ ఇంట్లో అందరికీ అర్థమైతే సగం దూరం వచ్చినట్టే.

ఓపియాయిడ్ రోజూ లోపలికి వెళ్తుంటే శరీరం దానికి ఎదురు తిరిగి సర్దుకుంటుంది. మాత్ర తగ్గించే పనులన్నిటినీ మెదడు పెంచుకుంటూ పోతుంది. నిన్న రెండింటికి వచ్చిన ఉపశమనం ఈ రోజు మూడింటికి గాని రాదు. ఇది మోతాదు పెరగడం వెనక ఉన్న కథ. మాత్ర ప్రభావం తగ్గే వేళకు, అలా పెంచుకున్నవన్నీ కట్టలు తెంచుకుంటాయి. ఆవులింతలు, ముక్కు, కళ్లు కారడం, ఒళ్లు జలదరించి రోమాలు నిక్కబొడుచుకోవడం, కడుపులో మెలి, విరేచనాలు, చెమటలు, కాళ్లు ఒకచోట నిలవకపోవడం, కీళ్లూ నడుమూ విరగ్గొట్టినట్టు నొప్పి. మీరు స్ట్రిప్పులు దాచిన రాత్రి చూసింది అచ్చంగా ఇదే. ముక్కు కారడాన్నీ విరేచనాన్నీ ఎవరూ నటించలేరమ్మా. ట్రమడాల్ విషయంలో కొందరికి వీటికి తోడు విపరీతమైన భయం, ఎవరో తరుముతున్నట్టు భ్రమలు కూడా వస్తాయి.

ఇప్పుడు ఆయన వైపు నుంచి ఆలోచించండి. తెల్లవారుజామున, రాత్రి మాత్ర ప్రభావం దిగిపోయాక, నడుము పట్టేస్తుంది. మాత్ర వేసుకుంటే గంటలో తగ్గుతుంది. పడినప్పటి దెబ్బ ఇంకా మానలేదని, మాత్ర లేకపోతే పని చేయలేనని ఆయన నమ్ముతారు. అలా నమ్మడంలో అబద్ధం ఏమీ లేదు. కానీ ఆ తెల్లవారుజాము నొప్పిలో చాలా భాగం పరంజా మీద నుంచి పడ్డప్పటిది కాదు. మాత్ర తెచ్చిన నొప్పి అది, మాత్రతోనే తగ్గుతున్నది. దీనికి తోడు, ఎక్కువ కాలం వాడిన కొందరిలో నరాల వ్యవస్థ మరీ సున్నితమై చిన్న నొప్పి కూడా పెద్దగా తెలుస్తుంది. అప్పుడు మోతాదు పెంచిన కొద్దీ నొప్పి పెరుగుతుంది.

అందుకే దాచడం, మరుగుదొడ్డిలో పారేయడం, షాపువాడితో పోట్లాడటం ఇవేవీ పనికిరావు. ఒక్కసారిగా ఆపితే ఆ బాధ మొదలై రెండు మూడు రోజుల్లో బాగా ముదిరి, వారం పైన పడుతుంది. నిద్ర కుదురుకోవడానికి ఇంకా ఎక్కువే పడుతుంది. ఓపియాయిడ్ మానినప్పటి బాధ ఒక్కటే ప్రాణం తీయడం అరుదు. మీ ఇంట్లో రెండు చిక్కులు అదనంగా ఉన్నాయి, ఒకటి ఇప్పటికే వచ్చిన ఫిట్స్, రెండోది రాత్రి ఆల్ప్రజొలామ్. రోజూ వేసుకునే ఆ నిద్రమాత్రను కూడా హఠాత్తుగా ఆపితే దానికదే ఫిట్స్ తెప్పిస్తుంది. అది కూడా డాక్టరు చెప్పినట్టే, మెల్లగా తగ్గాలి. డాక్టరును కలిసేదాకా రెండిట్లో దేన్నీ పెంచవద్దు, ఒక్కసారిగా ఆపవద్దు. ఎన్ని మాత్రలు వేసుకుంటున్నదీ దాచకుండా మీకు చెప్పమనండి, మీరు కోపపడనని మాటివ్వండి.

తాగుడు మాత్రం ఈ ఆదివారం నుంచే వద్దు. వారానికి ఒకరోజే కాబట్టి అది ఆపితే ప్రమాదం లేదు, ఆపకపోతే ఉంది. ఓపియాయిడ్ మోతాదు మించినప్పుడు మనిషి చనిపోయేది ఊపిరి తగ్గి. లోపలి రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగినప్పుడు గట్టిగా ఊపిరి తీసుకో అని మెదడు చెబుతుంది. ఓపియాయిడ్ ఆ మాట వినబడనివ్వదు. నిద్రమాత్ర, మద్యం కూడా అదే పని చేస్తాయి. మూడూ ఒకే రాత్రి కలిస్తే, గురక మధ్యలో ఊపిరి ఆగుతోందని మీరు రాశారే, ఆ ఆగడం తిరిగి మొదలుకాకపోవచ్చు. ఈ వాక్యం మిమ్మల్ని భయపెట్టాలనే రాశాను.

ఏదైనా రాత్రి తట్టినా కుదిపినా లేవకపోతే, ఊపిరి బాగా నెమ్మదించి గరగర శబ్దం వస్తుంటే, పెదవులు నీలంగా మారితే, కంటిపాపలు సూదిమొనంత అయితే తెల్లవారేదాకా చూడవద్దు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. నిమ్మరసం, మజ్జిగ, చింతపండు పులుసు నోట్లో పోయడం మన ఊళ్లలో ఉన్న అలవాటు. స్పృహ లేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వచ్చినవారికి ఖాళీ స్ట్రిప్పులు చూపించండి, ఓపియాయిడ్‌కు నలాక్సోన్ అనే విరుగుడు ఇంజెక్షన్ ఉంది. ఫిట్స్ మళ్లీ వస్తే చేతిలో తాళాలు పెట్టవద్దు, వాటివల్ల ఏమీ కాదు, చేతికి గాయం తప్ప. నోట్లో చెంచా, గుడ్డ వద్దు. తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, పక్కకు తిప్పి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే, లేదా ఒకదాని వెంట ఒకటి వస్తే 108.

మీ వారి మాత్రలో రెండోది పారాసిటమాల్. దాన్ని ఎవరూ మందుగానే లెక్కపెట్టరు. పన్నెండు మాత్రల్లో అది 3,900 మిల్లీగ్రాములు. పెద్దవారికి రోజుకు గరిష్ఠం 4,000, తాగేవారికీ సరిగా తినని వారికీ అంతకంటే తక్కువ. మధ్యలో ఒళ్లు వెచ్చగా ఉందని డోలో 650 ఒకటి వేసుకున్నారనుకోండి, గీత దాటేసినట్టే. కాలేయం దెబ్బతినేటప్పుడు మొదట్లో చప్పుడు చేయదు. ఆసుపత్రికి వెళ్లినప్పుడు కాలేయ పరీక్ష కూడా చేయమని అడగండి.

విరేచనం కాకపోవడానికి కారణం కూడా మాత్రే. పేగుల్లో కూడా అవే తలుపులున్నాయి, వాటిని కూడా ఓపియాయిడ్ తట్టి కదలికను మందగింపజేస్తుంది. మిగతా ప్రభావాలకు శరీరం అలవాటు పడుతుంది గాని దీనికి పెద్దగా పడదు. ఇంట్లో ఇసబ్గోల్ ఇస్తుంటే ఆపండి. నీళ్లు తక్కువ తాగే మనిషికి, కదలని పేగులో అది ముద్దలా గట్టిపడి కొత్త తంటా తెస్తుంది. దీనికి సరిపోయే విరేచన మందులు వేరే ఉన్నాయి, డాక్టరు రాస్తారు.

మీరు సిగ్గుపడుతూ రాసిన సంగతికి కూడా సమాధానం ఇక్కడే ఉండి ఉండవచ్చు. ఎక్కువ కాలం ఓపియాయిడ్ వాడితే మెదడు నుంచి వృషణాలకు వెళ్లే ఆజ్ఞలు మందగిస్తాయి, టెస్టోస్టెరాన్ పడిపోతుంది. కోరిక తగ్గుతుంది, అంగస్తంభన సరిగా ఉండదు, నీరసం, దిగులు, కండ కరగడం. ఆడవారు వాడితే నెలసరి తప్పుతుంది. మందు మానాక చాలామందిలో తిరిగి కోలుకుంటుంది. వేరే ఎవరైనా ఉన్నారేమో అన్న అనుమానం పెట్టుకునే ముందు ఒక రక్తపరీక్ష చేయించండి. ఆయన కూడా ఈ మాట మీతో చెప్పలేక లోపల కుమిలిపోతుండవచ్చు.

పాపకు సగం ఇచ్చిన సంగతికి మాత్రం మిమ్మల్ని కొంచెం కోప్పడక తప్పదు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ట్రమడాల్ ఇవ్వకూడదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లో కచ్చితంగా చెప్పింది. ఈ మందును కాలేయం మరింత బలమైన రూపంలోకి మారుస్తుంది. ఆ మార్చే వేగం పుట్టుకతో ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. వేగంగా మార్చే పిల్లల్లో సగం మాత్రకే ఊపిరి తగ్గి చనిపోయే ప్రమాదం ఉంది. మీ పాపకు ఏమీ కాలేదు, సంతోషం. మళ్లీ వద్దు. ఇంట్లో ఉన్న మాత్రలను తాళం పెట్టిన పెట్టెలో ఉంచండి.

పోలీసుల భయం గురించి. ట్రమడాల్‌ను 2018 ఏప్రిల్‌లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు, అది నిజం. అంతకు ముందే అది హెచ్1 జాబితాలో ఉంది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిసారీ రాసిన డాక్టరు పేరు, కొన్నవారి పేరు రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు దాచాలి. నాలుగేళ్ల కిందటి పది రోజుల చీటీకి ఇన్ని వేల మాత్రలు ఇచ్చిన షాపు రిజిస్టరులో ఏం రాసి ఉంటుందో చూడాలని నాకూ ఉంది. ఆ పది రోజులు రాసిన మావాళ్లు కూడా ‘పదకొండో రోజు ఆపాలి, ఆపకపోతే ఇలా అవుతుంది’ అని చెప్పి ఉండాల్సింది. మేం చెప్పం. రద్దీ అంటాం. చికిత్స కోసం వచ్చిన మీ వారి విషయానికి వస్తే, అలవాటు పడిన మనిషి ప్రభుత్వ ఆసుపత్రిలోగాని ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోగాని తనంతట తాను చికిత్సకు వస్తే, సొంతంగా వాడిన నేరం మీద కేసు నుంచి ఆ చట్టంలోని 64ఎ సెక్షనే రక్షణ ఇస్తుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆయన వివరాలు గోప్యంగా ఉంచడం ఆసుపత్రి బాధ్యత. 

మీ ఇంట్లో మాత్రమే జరుగుతున్న వింత కాదిది. దిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో దేశమంతటా చేసిన సర్వే 2019లో వెలువడింది. వైద్యుల చేతిలో ఉండాల్సిన ఓపియాయిడ్ మందులను మరోలా వాడుతున్నవారు 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో వందకు దాదాపు ఒకరని అందులో తేలింది. మీ ఊరి జనాభాను వందతో భాగించి చూసుకోండి.

ఎక్కడికి వెళ్లాలి? బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది, మాన్పించే చికిత్స కూడా అక్కడే. విశాఖపట్నంలోనూ హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. మీకు ఏది దగ్గరో తెలుసుకోవడానికి, ముందుగా ఎవరితోనైనా మాట్లాడటానికి 14416కు ఫోను చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మత్తు అలవాట్లకు ప్రత్యేకంగా 14446 ఉంది. పిచ్చాసుపత్రి అని ఆయన మొండికేస్తే, మెదడు అలవాటు పడిన మందును మెదడు డాక్టర్లే దించాలి గదా అని చెప్పి చూడండి. మూడు నెలలు మాకు వదిలేయండి, మార్చి పంపుతాం అనే ప్రైవేటు కేంద్రాలు ఊరి గోడల మీద ప్రకటనలు వేసుకుంటాయి. కొన్నిచోట్ల గొలుసులు వేస్తారు, కొడతారు. గొలుసులు వేయడం 2017 చట్టం ప్రకారం నిషిద్ధం. రిజిస్ట్రేషన్ ఉందా, రోజూ వచ్చే మానసిక వైద్యుడు ఉన్నాడా అని అడగకుండా ఎవరినీ చేర్చవద్దు.

చికిత్స రెండు రకాలుగా ఉండవచ్చు. ఒకటి అదే మందును మెట్టుమెట్టుగా దించడం. మీ వారికి ఫిట్స్ వచ్చాయి కాబట్టి డాక్టరు ట్రమడాల్‌ను తీసేసి, నాలుక కింద కరిగే బ్యుప్రెనార్ఫిన్ ఇవ్వవచ్చు. అదీ ఓపియాయిడే, కాకపోతే ఒక హద్దు దాటి పనిచేయదు. అందుకే ఊపిరి తగ్గే ప్రమాదం తక్కువ, రోజంతా నిలకడగా ఉంటుంది, ముక్కు కారడం, విరేచనాలు ఉండవు. ‘ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తా?’ అని మీ బంధువుల్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. రోజుకు పన్నెండుసార్లు జేబు తడుముకునే మనిషి, పొద్దున ఒకసారి మందు వేసుకుని పనికి పోయి, పిల్లలతో అన్నం తినే మనిషి అయితే అది మత్తు కాదు, చికిత్స. నెలలు పట్టినా, ఏడాది దాటినా కంగారు పడవద్దు. ఒక్క హెచ్చరిక. కొన్నాళ్లు పూర్తిగా మానేశాక ఒకరోజు మనసు జారి, పాత లెక్కలోనే పన్నెండు వేసుకుంటే, అప్పటికి శరీరం ఆ అలవాటు మరచిపోయి ఉంటుంది. ఆ రోజే ప్రాణం పోయే రోజు కావచ్చు. ఈ మాట ఆయన బాగా ఉన్నప్పుడే చెప్పండి.

‘మరి నడుము నొప్పి సంగతి?’ అని ఆయన అడుగుతారు, అడగాలి కూడా. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 240 మందిని ఏడాది పాటు గమనించిన పరిశోధన 2018లో వచ్చింది. దీర్ఘకాలపు నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఓపియాయిడ్ వాడినా, అది లేని మామూలు నొప్పి మందులు వాడినా పని చేసుకునే శక్తిలో తేడా లేదు. నొప్పి అయితే ఓపియాయిడ్ లేనివారికే కాస్త తక్కువగా ఉంది. కాబట్టి ఆయన వదులుకుంటున్నది గొప్ప మందేమీ కాదు. ఫిజియోథెరపీ, నడుము కండరాలకు వ్యాయామం, బరువులెత్తే పద్ధతి మార్చుకోవడం, అవసరమైతే నరాల నొప్పికి వేరే మందులు. వీటిలో ఏదీ గంటలో హుషారు తెప్పించదు, అది ముందే ఒప్పుకుంటాను.

ఇదంతా చదివి ఏ క్యాన్సర్ రోగి ఇంటివారైనా మార్ఫిన్ ఆపేస్తారేమోనని నా భయం. వద్దు. క్యాన్సర్ నొప్పికి, పెద్ద శస్త్రచికిత్స తర్వాత మొదటి రోజులకు ఓపియాయిడ్లను మించినవి లేవు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో మార్ఫిన్ తాగి నొప్పి లేకుండా నిద్రపోయే వారిని చూస్తే దాన్ని ఎవరూ తిట్టలేరు. డాక్టరు కొలిచి ఇచ్చేదానికీ పాత చీటీతో కొనేదానికీ పేరు ఒకటే, అంతే.

సోమవారం వెళ్లగలిగితే ఇంట్లో ఉన్న మందులన్నీ, ఖాళీ స్ట్రిప్పులతో సహా ఒక సంచిలో వేసుకుని, స్కానింగ్ కాగితాలు పట్టుకుని వెళ్లండి. అత్తగారిని కూడా రమ్మనండి, డాక్టరు చెబితే వింటారు. ఫిట్స్ డాక్టరు సరేననేదాకా పరంజా ఎక్కవద్దు, మోటారు సైకిల్ నడపవద్దు, కాలువలో ఒంటరిగా స్నానానికి దిగవద్దు. నేల మీద చేసే పనులు ఉంటాయి గదా, గిలాబా కలపడం, ఇటుకలు తడపడం, కూలీలకు లెక్క చూడటం. మేస్త్రి కాబట్టి కొన్నాళ్లు కింద నిలబడి పని చేయించినా ఎవరూ తప్పు పట్టరు.